ఇంగ్లిష్ హార్బర్‌లో వణికిన చెయ్యి

మిర్యాలగూడలో రైస్‌మిల్లుల వెనక సందులో, కిరాయికి తీసుకున్న రెండు గదుల ఇంట్లో, సైదయ్య నిద్ర లేవగానే చేసే మొదటి పని తన కుడిచేతిని చూసుకోవడం. మంచం పట్టె మీద దాన్ని బోర్లా పెట్టి, అల్లరి పిల్లవాడు ఇప్పటికైనా కుదురుగా కూర్చుంటాడా అన్నట్టు చూసేవాడు. అది కుదురుకునేది కాదు. బొటనవేలూ చూపుడువేలూ కలిసి, లేని పొగాకును నలుపుతున్నట్టు కదులుతూనే ఉండేవి.

“ఇయ్యాల జర నయమున్నది బిడ్డా,” అనేవాడు.

“అవు నాయినా,” అనేది సుమతి, పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండానే.

నయం లేదని ఆమెకు తెలుసు. చాయ్ గ్లాసు సగానికే పోసి ఇచ్చేది. నిండా పోస్తే ఒలుకుతుంది, ఒలికితే ఆయన ఆ పూటంతా మాట్లాడడు. గ్లాసు తాను పట్టుకుని తాగిస్తానని ఒకసారి అంటే కసురుకున్నాడు. “నా చెయ్యి నాకున్నది. ఎక్కడికీ పోలే. నిలబడితది, సూస్తుండు.”

సైదయ్య తపాలా శాఖలో చేసింది పెద్ద ఉద్యోగం కాదు. పెన్‌పహాడ్ దగ్గరి పల్లె నుంచి పదో తరగతి పాసై వచ్చి, సూర్యాపేట పోస్టాఫీసులో ప్యాకరుగా చేరాడు. సంచులు విప్పాలి, సంచులు కట్టాలి, మధ్యలో ఉత్తరాల మీది తపాలా బిళ్ళలకు సీలు కొట్టాలి. ఆ మధ్య పనికే ఆయన పుట్టాడని ఆఫీసులో తొందరగానే తెలిసిపోయింది. ఇంకుప్యాడు మీద ఒక దెబ్బ, బిళ్ళ మీద ఒక దెబ్బ. కౌంటరు ముందు నిలబడ్డవాళ్ళు ఆ చప్పుడుకు తమకు తెలియకుండానే కాలు ఆడించేవాళ్ళు. ఎంత తొందరలో కొట్టినా ఊరిపేరు, తేదీ అచ్చుగుద్దినట్టు పడేవి.

“బలంతోని కొట్టొద్దు,” అని సుమతికి చిన్నప్పుడు చెప్పేవాడు. “సీలు బరువు సీలుకుంటది. మనం జర తొవ్వ సూపియ్యాలె, అంతే.”

పొద్దున తేదీ మార్చేటప్పుడు పాత పళ్ళ బ్రష్షును కిరసనాయిల్లో ముంచి సీలు ముఖం కడిగేవాడు. మధ్యాహ్నం సంచులు వచ్చాక మళ్ళీ కడిగేవాడు. గోనె సంచులు దులిపినప్పుడు నార పోగులు ఎగిరి ఇంకుకు అంటుకుంటాయని ఆయన భయం. తోటివాళ్ళు నవ్వేవాళ్ళు. “పెండ్లిపిల్లకు మొఖం కడిగినట్టు కడుగుతవేందిరా సైదులూ! సీలుకు పౌడర్ గూడ రాయి!” అనేవాళ్ళు. ఆయన పట్టించుకునేవాడు కాదు. సీలు కొట్టేవాడన్నాక ముఖం కడగకుండా కొడతాడా అన్నది ఆయన లెక్క. ఆ లెక్క ఆయన మనసులో ఎంత లోతుకు దిగిందో తర్వాత చాలా ఏళ్ళకు గాని బయటపడలేదు.

సూర్యాపేట నుంచి కోదాడకు బదిలీ అయినప్పుడు, ఆ చుట్టుపక్కల ఒక చిన్న మిషన్ దవాఖాన ఉండేది. ఇప్పుడది మూతపడింది. అక్కడి ముసలి డాక్టరమ్మ ఇంగ్లండు మనిషి. ఉత్తరాలు వేయడానికి తానే వచ్చి, సైదయ్య కిటికీ దగ్గరే నిలబడేది. ఇంగ్లండులో ఆమె తమ్ముడికి బిళ్ళలు దాచుకునే అలవాటట. ముద్ర చక్కగా పడితే సంతోషిస్తాడట. దవాఖాన వదిలి వెళ్ళిపోయేటప్పుడు ఆమె ఒక అట్ట తెచ్చి సైదయ్య చేతిలో పెట్టింది. దాని నిండా పాత బిళ్ళలు అతికించి ఉన్నాయి. వాళ్ళ తాత ఏనాడో ఎక్కడో కొన్నవట.

“ఇవి నీ యొద్దనే ఉండవలెను,” అంది, ఆమెకు వచ్చిన బైబిలు తెలుగులో. “ముద్ర యొక్క విలువ నీవు ఎరుగుదువు.”

ఎర్రవి, ఆకుపచ్చవి, అన్నిటి మీదా ఒకే రాణి తల. ఆంటిగువా అని దీవి పేరు. ఆ దీవి ఏ సముద్రంలో ఉందో సైదయ్యకు తెలియదు. కోదాడలో ఇంగ్లీషు చెప్పే కృపాకర్ సారు ఇంట్లో అట్లాసు ఉందని పోయి చూశాడు. సారుకూ బిళ్ళల పిచ్చి ఉంది, నిజాం కాలంవి దాస్తాడు. ఆ పూట అట్లాసులో కరీబియన్ సముద్రం మీద ఇద్దరూ తలలు ఆనించి కూర్చున్నారు. ఆంటిగువా ఆవగింజంత ఉంది. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో చెరకు పండించిన దీవి అని సారు చదివి చెప్పాడు.

బిళ్ళల మీది ముద్రను కూడా ఆయనే పుస్తకాలు తిప్పి కనిపెట్టాడు. దొండకాయ ఆకారంలో నల్లని గీతల గుంపు, దాని నడుమ ఇంగ్లీషు ఎ అక్షరం, పక్కన పద్దెనిమిది అంకె. ఆ రోజుల్లో ఒక్కో పోస్టాఫీసుకు ఒక్కో అంకె ఇచ్చారట. ఆంటిగువాలో పెద్ద ఊరికి రెండు, ఇంగ్లిష్ హార్బర్ అనే చిన్న రేవుకు పద్దెనిమిది. అక్కడి నుంచి పోయిన ఉత్తరాలు తక్కువ, కాబట్టి ఆ ముద్ర మిగిలింది కూడా తక్కువే.

“తేది లేదేంది సారూ?” అన్నాడు సైదయ్య. ఆయన కంటికి మొదట ఆనింది అదే.

“ఉండదండీ. ఇందులో అంకె తప్ప ఏమీ వేయరు. ఎప్పుడు కొట్టారన్నది ఎవరికి వాళ్ళు తేల్చుకోవాలి. అదే ఈ చదువంతా. ఒక్క మాట చెబుతా వినండి, అరుదైన ముద్రలకు దొంగ సీళ్ళు చేయించి కొట్టేవాళ్ళు కూడా ఉండేవాళ్ళట.”

సైదయ్య భూతద్దం దించలేదు. “ఇది పనోని చెయ్యి సారూ. నాకు తెలుస్తలేదా?”

అలా మొదలైంది. ఉద్యోగం మిర్యాలగూడకు మారినా, అక్కడే రిటైరైనా, ఆ అట్ట ఆయన వెంటే వచ్చింది. బిళ్ళలు ఏది ముందు అచ్చయింది, ఏది తర్వాత అచ్చయింది అన్నది సారు దగ్గరి పుస్తకాల్లో ఉంది. ఆ వరసలో పేర్చుకున్నాడు. ఇక రోజూ చూడటమే. మిగతా వాళ్ళు ముద్రలో అంకె చూస్తారు, ఇంకు చూస్తారు. సైదయ్య చెయ్యి చూశాడు. కొట్టినవాడు కూర్చుని కొట్టాడా నిలబడి కొట్టాడా, మణికట్టు ఏ వైపు వంచాడు, దెబ్బ పడ్డాక సీలును నేరుగా లేపాడా ఈడ్చి లేపాడా అని చూశాడు. ముద్ర ఎప్పుడూ కాస్త ఎడమకు వాలి ఉంటుంది. అన్నింటిలోనూ అదే వాలు. ఒకే మనిషి అని తేల్చుకున్నాడు. ఆ మనిషికి హార్బరాయన అని పేరు పెట్టాడు.

భార్య బతికి ఉన్నప్పుడు ఆమెకు ఇదంతా తమాషా. “మీ హార్బరాయన తిన్నడా లేదా? ఆయనకు పెట్టినంకనే తినున్రి,” అనేది అన్నం గిన్నె ముందు పెడుతూ. ఆమెకు కిడ్నీలు పాడైనప్పుడు సుమతి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంది. నల్లగొండ దవాఖానకు తిరగడానికి ఇంట్లో ఒకరు కావాలి, కాలేజీ ఆగింది. తల్లి పోయాక మళ్ళీ పోదామనుకుంది గాని, అప్పటికి ఆమె తరగతి వాళ్ళంతా ముందుకు వెళ్ళిపోయారు. కొత్త పిల్లల మధ్య కూర్చోవడం తలుచుకుంటేనే ఒళ్ళు ముడుచుకుపోయింది. దగ్గరలోని మిల్లులో ప్యాకింగ్ షెడ్డులో చేరింది. అసలే మాట తక్కువ. సుమతి నోరు తెరిచి నాలుగు మాటలు మాట్లాడితే ఆ రోజు వాన పడుతుందని షెడ్డులో అనేవాళ్ళు.

సైదయ్య చెయ్యి వణకడం ఆ తర్వాతే మొదలైంది. డాక్టరు జబ్బుకు పేరు చెప్పాడు. గోలీలు రాశాడు. పూర్తిగా పోదని, ముదరకుండా చూసుకోవాలని చెప్పాడు. సైదయ్య ఆ మాటలు విన్నట్టే తల ఊపి, ఇంటికి వచ్చి అట్ట తీశాడు. చాలాసేపటికి కూతురిని పిలిచాడు.

“ఇటు రా బిడ్డా. నీ కండ్లు మంచియి. ఈ మొదటి బిళ్ళల మీద గీతలు సూడు, ఎట్లున్నయి?”

సుమతి భూతద్దంలోంచి చూసింది. నల్లని గీతల అంచులు రెండుగా పడి ఉన్నాయి, సీలు బిళ్ళను తాకేటప్పుడు అదిరినట్టు.

“వణికినట్టున్నయి.”

“ఆఁ. ఇగ ఈ తర్వాతి బిళ్ళలు సూడు. ఆఖరియి సూడు.”

అవి గట్టిగా, శుభ్రంగా, ఒకే దెబ్బకు పడి ఉన్నాయి.

“ఈయనకు గూడ నా రోగమేనే!” సైదయ్య గొంతులో ఉన్నది సంతోషం. “మొదాల వణికింది. ఏండ్ల కొద్ది వణికింది. ఏం మందు తిన్నడో, ఏం చేసిండో తెల్వదు గని, ఆఖరికి నిలబడ్డది. డాక్టరుకేం తెలుసు!”

ఆ రోజు నుంచి ఆయన గోలీలు వేళకు వేసుకున్నాడు. ఎర్ర రబ్బరు బంతి ఒకటి తెప్పించుకుని, గుప్పిట్లో పెట్టి పిసికేవాడు. అన్నం తినేటప్పుడు ముద్ద జారితే, “హార్బరాయనకు గూడ జారుండొచ్చు,” అని మళ్ళీ కలుపుకునేవాడు. సాయంత్రాలు సుమతి ఆయనకు చెయ్యి అయింది. ఆయన చెబుతుంటే పల్చటి బటర్ పేపరు మీద ఒక్కో ముద్రనూ పెద్దదిగా గీసేది. గీస్తుంటే ముద్రలన్నిటిలో ఒక సన్నని తెల్లగీత ఆమె కంటపడింది, వెంట్రుకంత. చివర చేపల గాలంలా చిన్న కొక్కెం. అది సీలు ఉక్కులో పగులు అని సైదయ్య చూడగానే నిర్ణయించాడు. మొదటి బిళ్ళల్లో ఎనిమిది పై సున్నలో ఉన్న ఆ గీత, ఆఖరి బిళ్ళలకు వచ్చేసరికి కింది సున్న దాటి ఉంది. ఏళ్ళు గడిచిన కొద్దీ పగులు కిందికి పాకిందని, పైది ఇంకు గట్టిపడి పూడిపోయిందని చెప్పాడు. ఏ ముద్ర ముందుదో ఏది వెనకదో ఆ పగులే సాక్ష్యం. హార్బరాయన చెయ్యి నిలబడ్డదనడానికీ అదే సాక్ష్యం.

ఇదంతా ఒక వ్యాసంగా ఆయన చెప్పాడు, సుమతి రాసింది. కృపాకర్ సారు దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. ఆదివారం కోదాడలో సారు ఇంట్లో బిళ్ళల వాళ్ళు కూడుకుంటున్నారు. సూర్యాపేట నుంచి జవహర్ అనే బ్యాంకు ఆఫీసరు వస్తున్నాడు. ఆయనకు ఇంగ్లండులో ఇలాంటి ముద్రలు చదివే సంఘంతో పరిచయం ఉంది. నచ్చితే వాళ్ళ పత్రికకు పంపుతాడు.

ఆ వారంలోనే, మిల్లులో, సుమతి పక్కన పనిచేసే గోపమ్మ చీటీల కట్ట తిప్పుతూ ఆగింది.

సుమతి పని చీటీల మీద రబ్బరు సీలు కొట్టడం. బియ్యం సంచి మూతి కుట్టేటప్పుడు ఆ చీటీని కలిపి కుడతారు. మిల్లు పేరు, లాటు నంబరు దాని మీద ఉండాలి. కొట్టినవాటిని గోపమ్మ కట్టలు కడుతుంది.

“ఏందే, నీ సీలుకు కన్ను పోయిందా? ఈ తొమ్మిదికి నడుమ గీత పడ్డది సూడు. గుమాస్తా సూస్తే ఇద్దర్నీ దులుపుతడు.”

సుమతి చీటీ అందుకుంది. అంకె మధ్యలో వెంట్రుకంత తెల్లగీత. సీలు తిప్పి చూసింది. గోనె నార పోగు ఒకటి ఇంకులో అతుక్కుని ఉంది.

“పలుకవేందే? నోట్ల బియ్యం పోసుకున్నవా?”

సుమతి ఆ చీటీ పక్కన పెట్టింది. కట్టలోంచి పొద్దుటి చీటీలు తీసి వరసగా పరిచింది. మొదటి వాటిలో గీత లేదు. తర్వాత అంకె నెత్తిన మొదలైంది. దెబ్బ దెబ్బకూ కొంచెం కొంచెంగా కిందికి జరుగుతూ, మధ్యాహ్నానికి అంకె కాళ్ళ దగ్గరికి వచ్చింది. గీత దాటిపోయిన చోట అంకె మళ్ళీ నిండుగా, నల్లగా పడింది.

“అగో, దీనికేమైంది! దయ్యాన్ని సూసినట్టు సూస్తదేంది చీటీలను!” అంది గోపమ్మ. అందరూ నవ్వారు. సుమతి పోగును గోటితో తీసి పారేసి, మిగతా చీటీలు కొట్టింది. ఆ రోజు ఆమె కొట్టినవి ఒక్కటీ సరిగ్గా పడలేదు.

ఇంటికి వచ్చేసరికి తండ్రి లేడు. ఆదివారం కోసం గడ్డం గీయించుకోవడానికి మంగలి షాపుకు పోయాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించి తలుపుకు తగిలించి ఉంది. సుమతి తాను గీసిన బటర్ పేపర్లు తీసింది. మొదటి ముద్ర మీద ఆఖరి ముద్రను పెట్టి కొంచెం కొంచెంగా పైకి జరిపింది. ఒకచోట రెండు తెల్లగీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి, కొక్కెంతో సహా.

పగులు పెరుగుతుంది. కొక్కెంతో సహా నడిచి కిందికి దిగదు. ఉక్కు మళ్ళీ పూడదు. ఇది పోగు. సీలు ముఖం మీద ఒక్క పోగు ఒక్క పూట ఉంటుంది, మహా అయితే రెండు పూటలు. ఈ బిళ్ళల్లో ముందు అచ్చయినవాటికీ ఆఖరున అచ్చయినవాటికీ మధ్య చాలా ఏళ్ళు ఉన్నాయి. వాటన్నిటి మీదా ఒకే పూట సీలు కొట్టారంటే, కొట్టింది ఇంగ్లిష్ హార్బర్ పోస్టాఫీసులో కాదు. ఎవడో, ఎక్కడో, తలుపు వేసుకుని, దొంగ సీలు ముందు పెట్టుకుని, బిళ్ళలన్నీ ఒక్కసారే పేర్చుకుని కొట్టాడు. హార్బరాయన లేడు. ఆయనకు రోగం లేదు. ఆ రోగం నయమవ్వనూ లేదు.

“గడ్డం మంచిగ గీసిండా బిడ్డా?” అంటూ వచ్చాడు సైదయ్య, చెంప తడుముకుంటూ. పేపర్లు పరిచి ఉండటం చూసి మురిసిపోయాడు. “సదువుకుంటున్నవా? సదువు. రేపు నన్నేమన్న అడిగితే నువ్వే అందియ్యాలె.”

చెప్పాలనే అనుకుంది. అన్నం పెట్టేటప్పుడు చెప్పాలనుకుంది. ఆయన బంతి పిసుకుతూ ఉన్నాడు. గోలీ ఇచ్చేటప్పుడు చెప్పాలనుకుంది. అడగకుండానే చెయ్యి చాపాడు. ఆదివారం బస్టాండులో చెప్పాలనుకునేలోపు కోదాడ బస్సు వచ్చింది.

కృపాకర్ సారు ముందు గదిలో నలుగురైదుగురు ఉన్నారు. “రండి రండి సైదయ్యగారూ, పెళ్ళికొడుకులా ఉన్నారే!” అని సారు ఎదురొచ్చాడు. టేబులు మీద మిరపకాయ బజ్జీల పళ్ళెం జరిపి, అట్టకు చోటు చేశారు. జవహర్ నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. భూతద్దంలోంచి చూసి, ఫోనుతో ఒక్కో బిళ్ళనూ ఫొటో తీసుకున్నాడు.

సైదయ్య మాట్లాడాడు. సీలు బరువు గురించి, మణికట్టు గురించి, హార్బరాయన ఎడమ వాలు గురించి. తన కుడిచెయ్యి ఎత్తి అందరికీ చూపించాడు. “ఇగో, గిట్లనే వణికింది ఆయనది. మరి ఎట్ల నిలబడ్డదో సూడున్రి!” ఆయన అంతమంది ముందు అంతసేపు మాట్లాడటం సుమతి ఎన్నడూ చూడలేదు. మొహం వెలిగిపోతోంది.

“ఈ పగులు మాత్రం అద్భుతం తాతా,” అన్నాడు జవహర్. “ఇంత సన్నటి దాన్ని ఎట్ల పట్టినవ్?”

“నా కండ్లెక్కడియి సారూ, మా బిడ్డ పట్టింది. అన్నీ అదే గీసింది.” సైదయ్య తిరిగాడు. “చెప్పు బిడ్డా, పగులు ఎట్ల దిగిందో సార్లకు చెప్పు.”

గదిలో అందరూ సుమతి వైపు చూశారు. ఆమె టేబులు అంచు పట్టుకుంది. పగులు అన్న మాట పలకలేక, బటర్ పేపర్ల అంచులు సరిచేసింది. ఫ్యాను తిరుగుతోంది. ఎవరో బజ్జీ నములుతూ ఆపారు.

“దీనికి సిగ్గెక్కువ,” అని సైదయ్య నవ్వాడు. అందరూ నవ్వారు. కానీ ఆయన కళ్ళు మాత్రం కూతురి మీద ఇంకాసేపు నిలిచాయి. కూతురి మౌనాలన్నీ ఆయనకు తెలుసు. ఇది సిగ్గు కాదు.

“ఇది నేను ఇంగ్లండు పంపిస్త తాతా,” అన్నాడు జవహర్ లేస్తూ. “వాళ్ళు తప్పకుండ వేస్తరు.” సైదయ్య దండం పెట్టాడు. అంతకు ముందున్న వెలుగు మొహంలో లేదు.

తిరుగు బస్సులో జనం పల్చగా ఉన్నారు. కండక్టరు సుమతి ఆధార్ కార్డు చూసి, ఆడవాళ్ళకు డబ్బులు లేకుండా ఇచ్చే జీరో టికెట్ కొట్టి ఇచ్చాడు. కిటికీ పక్కన వరిపొలాలు, నీళ్ళు తగ్గిన కాలువ. హుజూర్‌నగర్ దగ్గరపడుతుండగా సైదయ్య అటువైపే చూస్తూ అన్నాడు, “ఇగ చెప్పు.”

“ఏంది నాయినా?”

“గాడ చెప్పనిది.”

సుమతి చున్నీ కొస వేలికి చుట్టుకుంది, విప్పింది. “అది పగులు కాదు నాయినా. నార పోగు.”

 బస్సు స్టాండులోకి తిరిగి ఆగింది. కిటికీ కింద ఒకామె జామకాయలు, జామకాయలు అని అరిచి, ఎవరూ తీసుకోకపోతే వెళ్ళిపోయింది.

“కొక్కెం?” అన్నాడు చివరికి.

“అదే కొక్కెం. పైన ఉన్నదే కిందికొచ్చింది.”

“పేపర్లు తియ్యి.”

మొదటిదీ ఆఖరిదీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు ఎత్తబోయాడు. చెయ్యి అదిరి రెండూ ఒడిలో పడ్డాయి. సుమతి తీసి పట్టుకుంది. మెల్లగా జరిపింది. తెల్లగీత తెల్లగీత మీద కూర్చుంది. ఆయన దాన్ని చూశాడు, బస్సు కదిలాక కూడా చూశాడు.

“కడగలే,” అన్నాడు. “సీలు మొఖం కడగలే వాడు.” మళ్ళీ కొంతసేపటికి, “నేను కడిగేటోన్ని గదా. అందరు కడుగుతరనుకున్న. అందుకే పోగన్న అనుమానమే రాలే.”

“నాయినా...”

“సారుకు ఫోన్ కలుపు.”

సుమతి కలిపి ఆయన చెవి దగ్గర పట్టుకుంది. కృపాకర్ సారు గొంతు ఆమెకూ వినబడుతోంది. మొదట నమ్మలేదు.  తర్వాత మెత్తగా అన్నాడు, “పోనివ్వండి సైదయ్యగారూ. మీరు చూపించిందాకా ఆ గీత మాకెవరికీ కనబడలేదు. ఎవరికి తెలుస్తుంది? ఉండనివ్వండి. మీ పేరు అచ్చులో చూసుకోండి ఒకసారి.”

“తప్పు తేది పడ్డ కవరు నేనెన్నడు సంచిల వెయ్యలే సారూ,” అన్నాడు సైదయ్య. “జవహర్ సారుకు చెప్పున్రి. పంపొద్దని చెప్పున్రి.”

ఫోను తీసేశాక సుమతి పేపర్లు మడిచి సంచిలో పెట్టింది. మిర్యాలగూడలో బస్సు దిగేటప్పుడు, “నువ్వు గాడ చెప్పకుంటివి, మంచిగ చేసినవ్,” అన్నాడు. ఆ మాట సుమతికి తిట్టు కన్నా బరువుగా తగిలింది. ఆదివారానికి ముందే చెప్పి ఉంటే ఆయన అంతమంది ముందు చెయ్యెత్తి చూపేవాడు కాదు. అసలే చెప్పకుండా ఉంటే, పొద్దున్నే మంచం పట్టె మీద చెయ్యి పెట్టి నయమే అనుకుంటూ ఉండేవాడు. ఏది చేస్తే బాగుండేదో ఆమె తేల్చుకోలేకపోయింది. ఇప్పటికీ తేల్చుకోలేదు.

అట్ట రేకు పెట్టెలోకి పోయింది. ఎర్ర బంతి మంచం కిందికి దొర్లిపోతే ఆయన వెతకలేదు. సుమతి ఊడ్చేటప్పుడు తీసి దిండు పక్కన పెట్టింది. మర్నాడు మళ్ళీ మంచం కిందే ఉంది. గోలీల వేళ ఇప్పుడు ఆమే గుర్తుచేయాలి. గుర్తుచేస్తే వేసుకుంటాడు, లేకుంటే లేదు. పొద్దున లేచి చేతిని చూసుకోవడం మానేశాడు. ఇవాళ నయమని అనడమూ మానేశాడు.

మిల్లులో సుమతి పొద్దున, మధ్యాహ్నం సీలు ముఖం కడుగుతోంది. మొదటి దెబ్బ చిత్తు కాగితం మీద వేసి చూసుకుంటోంది. “ఏందే, సీలుకు స్నానం పోస్తున్నవా?” అని గోపమ్మ ఎగతాళి చేస్తే, ఊరికే తల ఊపుతుంది.

కొత్త వడ్లు దిగే రోజుల్లో ఒక సాయంత్రం. సందులో లారీలు వరసకట్టి ఉన్నాయి. గడపలో కూర్చున్న సైదయ్య, ఏదో మధ్యలో ఆగిన మాటను అందుకున్నట్టు అన్నాడు.

“మరి వాని చెయ్యెందుకు వణికిందంటవ్? ఆ దొంగది?”

సుమతికి అర్థమవడానికి కొంచెం పట్టింది. పొయ్యి మీద చాయ్ మరుగుతోంది.

“భయమైందేమో నాయినా. మొదలువెట్టినప్పుడు.”

“ఊఁ.” ఆయన ఆలోచించాడు. పని తెలిసినవాడు మరో పనివాడి గురించి ఆలోచించినట్టే ఆలోచించాడు. “పాత బిళ్ళలు ముందు వెట్టుకున్నడు. భయంతోని కొట్టిండు. కొట్టంగ కొట్టంగ భయం పోయింది. చెయ్యి నిలబడ్డది.”

“అంతే అయ్యుంటది.”

“అంటే వానిది రోగం కాదు.”

సుమతి పొయ్యి మంట తగ్గించింది. లారీ ఒకటి వెనక్కి వచ్చి, ఎవరో కేకలు వేసి ఆపారు. సైదయ్య భుజం మీది తువ్వాలు తీసి ఒడిలో చేతి మీద కప్పుకున్నాడు. తువ్వాలు కింద కోడిపిల్ల ఉన్నట్టు కదులుతూనే ఉంది.

ఆమె చాయ్ వడకట్టి, గ్లాసు సగానికి పోసి తెచ్చింది. ఆయన చెయ్యి బయటికి తీయలేదు. కొంచెంసేపు గ్లాసు పట్టుకుని నిలబడి, తర్వాత పక్కన కూర్చుని, ఆయన పెదవుల దగ్గర పెట్టింది. కసురుతాడనుకుంది. ఆయన కళ్ళు మూసుకుని తాగాడు.